ముందు ఆ వెలుగు ఎలాంటిదో చూడు, తర్వాతే ఫిల్టర్

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. టెలిస్కోప్ వచ్చిన రాత్రే ఆరేడు టార్గెట్లు తీశావని, కృత్తికల చుట్టూ రావలసిన నీలం పొగ మాత్రం అసలు రాలేదని, ఇంకో మంచి ఫిల్టర్ కొనాలా అని అడిగావు. కొనకు. నీ స్మార్ట్ టెలిస్కోప్ సీస్టార్ ఎస్50 బాగానే ఉంది, టెన్షన్ పడకు. కృత్తికలకు దాని లోపలున్న నెబ్యులా ఫిల్టర్ పెట్టకూడదు, అంతే.

ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఇది అర్థమైతే మిగతావి నీకే తెలిసిపోతాయి. ఒరాయన్, రోజెట్, లగూన్ లాంటి నెబ్యులాల్లో, అంటే ఆకాశంలోని మేఘాల్లో, పక్కనున్న వేడి నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు తగిలి వాయువే వెలుగుతుంది. అలా వెలిగే వాయువు అన్ని రంగులూ ఇవ్వదు, కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరే ఇస్తుంది. హైడ్రోజన్ ఆల్ఫా అనే ఎరుపు 656.3 నానోమీటర్ల దగ్గర, ఓ-త్రీ అని మనవాళ్లు పిలిచే ఆక్సిజన్ వెలుగు ముఖ్యంగా 500.7 దగ్గర, నీలం కలిసిన ఆకుపచ్చలో. నీ టెలిస్కోప్ లోపలున్న డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ ఈ రెండు చోట్లా కాస్త సందు వదిలి మిగతా వెలుగంతా ఆపేస్తుంది, అందుకే నగరం మధ్యలోంచి కూడా రోజెట్ ఎర్రగా బయటపడుతుంది. కృత్తికల దగ్గర ఉన్నది ధూళి. అది నక్షత్రాల వెలుగునే చెదరగొట్టి మనవైపు పంపుతుంది, ఆ వెలుగు నీలం తరంగదైర్ఘ్యాలన్నిటా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఫిల్టర్ పెడితే నీకు కావలసిందే పోతుంది. ఎం 78, ఐరిస్ అనే ధూళి నెబ్యులాలు కూడా ఇంతే. గెలాక్సీలకూ, నక్షత్ర గుచ్ఛాలకూ కూడా ఫిల్టర్ తీసెయ్. వీటికి చీకటి ఆకాశాన్ని మించిన ఫిల్టర్ లేదు. ట్రైఫిడ్‌లో ఎర్రటి వాయువు, నీలం ధూళి రెండూ ఉంటాయి, దాన్ని ఫిల్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి తీసి రెండు ఫొటోలూ పక్కన పెట్టుకుని చూడు, నేనింత రాసిన దానికంటే బాగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి, ఫిల్టర్ ఉంది కదా అని అన్ని దీపాలూ ఆగిపోవు. పాత సోడియం దీపాల పసుపు వెలుగు దాదాపు పూర్తిగా ఆగుతుంది కానీ తెల్ల ఎల్‌ఈడీల వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది, కొంత లోపలికి వచ్చి తీరుతుంది. వెన్నెల కూడా అంతే, దాని దెబ్బ ఎరుపు కంటే ఓ-త్రీ మీదే ఎక్కువ. చంద్రుడు బాగా ఉన్న రాత్రుల్లో రోజెట్, నార్త్ అమెరికా లాంటి హైడ్రోజన్ ఎక్కువున్నవి తీసుకో, ఓ-త్రీ బాగా ఉన్న వెయిల్‌ను అమావాస్య దగ్గరికి ఉంచు.

అసలు లోటు ఫిల్టర్‌ది కాదమ్మా, టైముది. ఒక్కోదానికి పదిహేను నిమిషాలిచ్చి ఇంకోదానికి వెళ్లిపోయావు. పది సెకన్ల ఫ్రేముల్ని వందల కొద్దీ పేర్చితేనే గరుకుతనం తగ్గుతుంది, అదీ మెల్లగా: ఒక గంట ఫొటో కంటే రెండింతలు శుభ్రమైనది కావాలంటే నాలుగు గంటలు తీయాలి. రాత్రంతా ఒకే నెబ్యులా మీద ఉండు, చాలకపోతే మర్నాడు మళ్లీ దాని మీదికే వెళ్లి రెండు రాత్రులవీ కలుపు. ఒరాయన్ ఒక్కటే దీనికి మినహాయింపు, అది అంత ప్రకాశంగా ఉంటుంది కాబట్టి కొద్దిసేపట్లోనే వచ్చేస్తుంది, పైగా నడిమి భాగం తెల్లగా కాలిపోకుండా చూసుకోవాలి.

ట్రైపాడ్‌ను సమతలంగా పెట్టడం మర్చిపోకు. నెబ్యులా 30 డిగ్రీలు పైకి వచ్చాకే మొదలుపెట్టు, సరిగ్గా నడినెత్తికి వచ్చినప్పుడు మాత్రం ట్రాకింగ్ తడబడుతుంది, కాసేపు ఆపెయ్. మంచు పడే రాత్రి లెన్స్ మీద తేమ పట్టకుండా డ్యూ హీటర్ వేసుకో. పగలు సూర్యుడి వైపు తిప్పాలంటే ముందువైపు సోలార్ ఫిల్టర్ బిగించి తీరాలి, నెబ్యులా ఫిల్టర్ అక్కడ పనికిరాదు.

యాప్ ఇచ్చే జెపెగ్‌తో సరిపెట్టుకోకు. సెట్టింగ్స్‌లో ప్రతి ఫ్రేమునీ, కెమెరా పట్టిన డేటా అంతా ఉండే ఫిట్స్‌గా సేవ్ చేసేలా పెట్టుకో, వాటిని సరిదిద్దే సాఫ్ట్‌వేర్లు సిరిల్, గ్రాఎక్స్‌పర్ట్ రెండూ ఉచితమే. ముందు గ్రాఎక్స్‌పర్ట్‌లో నేపథ్యంలోని దీపాల వెలుగు తీసెయ్, ఆ తర్వాత మసక భాగాలు కనిపించేలా వెలుగును సాగదీయి. నేపథ్యాన్ని నల్లగా నొక్కేస్తే పలచటి అంచులన్నీ పోతాయి, కాస్త బూడిద రంగులోనే ఉండనీ. గరుకుతనం తీసే ఏఐ డీనాయిజ్‌ను చాలా తక్కువ మోతాదులో వాడు. గట్టిగా వాడితే అక్కడ లేని పొగ తీగలు పుట్టుకొస్తాయి, అవి చూసి మురిసిపోవడం నాకు అస్సలు నచ్చదు, నిజంగా ఇన్ని కాంతి సంవత్సరాలు దాటొచ్చిన వెలుగు నీ చేతిలో ఉండగా కల్పించుకోవడం దేనికి?

వచ్చే రాత్రులకు రోజెట్ పట్టుకో. అది పౌర్ణమి చంద్రుడికి రెండింతల కంటే వెడల్పు, నీ ఫ్రేములో పట్టదు, ముక్కలుగా తీసి అతికించే మొజాయిక్ మోడ్ పెట్టు, దానికి టైము ఇంకా ఎక్కువ పడుతుంది. ఫిట్స్ ఫైళ్లు మొత్తం పంపించు, ఎక్కడ ఏం చేయాలో కూర్చుని చూసి చెప్తాను.

మామయ్య