బోటు కొనబోతున్న మేనల్లుడికి

భవానీపురం, విజయవాడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొరిటెపాడు స్థలం అమ్మేసి స్పీడ్ బోటు కొని కృష్ణలో తిప్పుతానంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి "వాడికి వద్దని చెప్పరా" అంది. నేను వద్దనను. ఈ రేవులో లాంచీల లెక్కలు రాసుకుని పిల్లల్ని చదివించినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన లెక్క చూశాను. ఇంజన్ హార్స్‌పవర్ ఉంది, బోటు పొడవు ఉంది, వడ్డీ ఉంది. ఎక్కేదెవరో మాత్రం లేదు. "రోజుకు ఇన్ని ట్రిప్పులు" అని రాసుకున్నావు. ఆ ట్రిప్పులు ఎవరిస్తారు రా?

ముందు ఒక పని చెయ్యి. ఒక ఆదివారం, ఒక మంగళవారం పున్నమి ఘాట్‌లో సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా కూర్చో. బోటు ఎక్కినవాళ్లను లెక్కపెట్టడం తేలికే, టిక్కెట్టు పుస్తకం చెబుతుంది. నువ్వు చూడాల్సింది ఎక్కకుండా వెనక్కి వెళ్లిపోయేవాళ్లను. ముసలమ్మ మెట్ల దగ్గరే ఆగిపోతే ఇంటిల్లిపాదీ ఆగిపోతుంది. చంటిపిల్ల తల్లి లైఫ్ జాకెట్ చిన్న సైజు ఉందా అని అడుగుతుంది, లేదంటే పిల్లను చంకనెత్తుకుని వెళ్లిపోతుంది. ఐదుగురికి టిక్కెట్టు ఎంతో విని ఇంటాయన జేబు తడుముకుని, "ఒడ్డునే ఐస్‌క్రీమ్ తిందాం" అంటాడు. బాత్రూమ్ ఎక్కడని అడిగి, జవాబు నచ్చక పోయేవాళ్లు ఉంటారు. నీకు రావాల్సిన బేరం వాళ్లే. ఇక కుర్రాళ్లంటావా, స్పీడ్ బోటు మీద ఒక రౌండు కొట్టి రీలు తీసుకుంటారు. మళ్లీ ఆ ఏడాది మొహం చూపించరు.

ఇక నెలల సంగతి. ప్రకాశం బ్యారేజీకి పైన పన్నెండు అడుగుల నీటిమట్టం నిలబెడతారు కాబట్టే ఇక్కడ బోట్లు తిరుగుతున్నాయి. వరదొచ్చి డెబ్బై గేట్లూ లేపారంటే నీ బోటు ఒడ్డునే. వచ్చిన చిక్కేంటంటే, ఊరికి జనం పోటెత్తేది దసరాకి. లక్షలమంది ఇంద్రకీలాద్రి ఎక్కుతారు. కానీ అప్పటికి నదిలో వరద తగ్గకపోవచ్చు. వరద ఎక్కువున్న ఏళ్లలో అమ్మవారి తెప్పోత్సవానికే హంస వాహనాన్ని నదిలో తిప్పకుండా ఒడ్డున ఉంచి పూజ చేశారు. అమ్మవారికే ఆగని నది నీ బోటుకి ఆగుతుందా? దసరా జనాన్ని చూసి ఆదాయం వేసుకోకు. నీకు తిండి పెట్టేది కార్తీకం. వనభోజనాలకి భవానీ ద్వీపం వెళ్లేవాళ్లు, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం చూసేవాళ్లు, ఆ తర్వాత సంక్రాంతి దాకా స్కూలు పిల్లల విహారయాత్రలు. మే నెలలో పగలు పదింటి నుంచి నాలుగింటి దాకా ఈ ఊళ్లో కుక్క కూడా రోడ్డు మీదికి రాదు, బోటు ఎవరెక్కుతారు? సాయంత్రం గంటన్నర బేరమే.

2024 నవంబర్ 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీ ప్లేన్ ఎగిరిన రోజు నువ్వు కూడా ఫోటోలు పెట్టావు, గుర్తుందా? అది ప్రదర్శన. పేపర్లో వచ్చిన వార్త వేరు, జేబులోంచి డబ్బు తీసే మనిషి వేరు.

అమెరికాలో బోట్లు బ్రహ్మాండంగా అమ్ముడవుతున్నాయని వీడియో పంపావు. అది పాత పాట. 2020లో కరోనాకి ఎక్కడికీ పోలేక అక్కడి జనం బోట్లు కొన్నారు, ఆ ఒక్క ఏడాది కొత్తవి మూడు లక్షలు దాటాయి. తర్వాత వడ్డీలు పెరిగేసరికి బేరం పడిపోయింది, డీలర్ల దగ్గర సరుకు పేరుకుపోయింది. అక్కణ్ణుంచి నువ్వు నేర్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మెర్క్యురీ ఇంజన్లు చేసే బ్రన్స్‌విక్ కంపెనీ 2019లోనే ఫ్రీడమ్ బోట్ క్లబ్‌ని కొనేసింది. అంటే బోటు అమ్మేవాడే, సభ్యత్వం కట్టి బోటు వాడుకునేవాడి వైపు కూడా చెయ్యి చాచాడు. ఇంకొకటి, అక్కడ కుటుంబాలు ఇష్టపడేది పాంటూన్ బోటు. కింద రెండు మూడు అల్యూమినియం గొట్టాలు, పైన మన బల్లకట్టులా చదునైన నేల, చుట్టూ సోఫాలు. వేగం తక్కువే, కానీ ఎదురెదురుగా కూర్చుని తింటూ మాట్లాడుకోవచ్చు. మనవాళ్లకి కూడా కావాల్సింది అదే. పుట్టినరోజు కేకు కోయడానికి బల్ల, పులిహోర డబ్బా పెట్టుకోవడానికి చోటు, ముసలాళ్లకి పట్టుకోవడానికి కమ్మీ. పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు కూడా గంట లెక్కన బోటు మొత్తం మాట్లాడుకుంటారు, మనిషికింత అని బేరమాడరు.

జనానికి భయం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకు. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవు దగ్గర అనుమతి లేని బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. చాలామంది ఒంగోలు వాళ్లు. 2019లో గోదావరి మీద కచ్చులూరు ప్రమాదం జరిగాక పాపికొండల బోట్లు చాలాకాలం ఆగిపోయాయి. ఒకడు తప్పు చేస్తే రేవులన్నీ మూతపడతాయి. నదుల్లో తిరిగే బోట్లకి 2021లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా, అర్హత ఉన్న సరంగు, అన్నీ ఉండాలి. ఆ కాగితాలు బీరువాలో దాచకు, టిక్కెట్టు కిటికీ పక్కన అద్దంలో బిగించు. ఎంతమందిని ఎక్కించాలో బోటు మీద పెద్దక్షరాలతో రాయించు. కార్తీక ఆదివారం "ఇంకో నలుగురం, సర్దుకుంటాం" అని బతిమాలతారు. సర్దకు.

వరదకి బోటు ఎక్కడ కడతావో కూడా ఇప్పుడే చూసుకో. 2024 సెప్టెంబర్‌లో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు బోట్లు తెగి కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకి తగిలాయి, గేట్లు లేపడానికి సాయపడే బరువు దిమ్మలు, అవే కౌంటర్ వెయిట్లు, దెబ్బతిన్నాయి. వాటిని బయటికి లాగడానికి ఎన్ని తిప్పలు పడ్డారో మనమంతా చూశాం.

ఇంజన్ విషయంలో నాది పాత బుర్ర, అయినా చెబుతా. కేరళలో వైక్కం దగ్గర 2017 నుంచి ఆదిత్య అని 75 మంది పట్టే సోలార్ బోటు నడుస్తోంది. డీజిల్ వాసన ఉండదు, చప్పుడు ఉండదు. పాటలు పాడుకునే కుటుంబాలకి అది బాగుంటుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి మొదటి బోటుకే వద్దు, తెలుసుకుని ఉంచుకో.

పన్ను దగ్గర మాత్రం జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత విలాసానికి, ఆటకి వాడే బోట్ల మీద జీఎస్టీ 40 శాతం. జనాన్ని ఎక్కించి తిప్పే విహార బోట్లకి 5 శాతమే. నువ్వు చూసిన ఆ స్పీడ్ బోటు ఏ వరుసలోకి వస్తుందో కొటేషన్ మీద సంతకం పెట్టకముందే మీ ఆడిటర్‌ని అడుగు.

నా మాట వింటే స్థలం అమ్మకు. ఇప్పటికే లైసెన్సుతో నడుపుతున్న వాళ్ల దగ్గర ఒక సీజన్ వాటాకి చేరు. కార్తీకం చూడు, మే నెల చూడు, వరద చూడు. ఈ ఆదివారం నాలుగింటికల్లా ఘాట్‌కి రా, మీ అమ్మను కూడా తీసుకురా. ఆ మోకాళ్లతో మెట్లు దిగి బోటులో కాలు పెట్టగలదేమో చూసి, తర్వాత ఏ బోటో మాట్లాడుకుందాం.

మీ మామయ్య