కుదుపు ఒక్కటే హార్డ్ ల్యాండింగ్ కాదు

విమానం నేలను గట్టిగా తాకితే అదే హార్డ్ ల్యాండింగా, ఆర్థిక వార్తల్లో ఆ మాటకు అర్థమేమిటి అని అడిగారు. పన్నెండేళ్లుగా విమానాల తనిఖీ, మరమ్మతు విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి నాకు బాగా తెలిసిన వైపు నుంచి మొదలుపెడతాను.

కుదుపు తగిలిన ప్రతిసారీ హార్డ్ ల్యాండింగ్ అయినట్టు కాదు. వానకు రన్‌వే తడిసి ఉంటే పైలట్ కావాలనే చక్రాలను కాస్త గట్టిగా ఆనిస్తారు. నీటి పొర మీద టైర్లు జారకుండా నేలను పట్టుకోవాలి మరి. మామూలుగా విమానం సెకనుకు రెండు మూడు అడుగుల చొప్పున దిగుతూ నేలను తాకుతుంది. పెద్ద విమానాలను గరిష్ఠ ల్యాండింగ్ బరువులో సెకనుకు 10 అడుగుల వేగాన్ని తట్టుకునేలా రూపొందిస్తారు. తయారీదారు పెట్టిన హద్దు దాటితేనే మేం హార్డ్ ల్యాండింగ్ అంటాం. అలా దాటినట్టు రికార్డుల్లో కనిపించినా, అనుమానంతో పైలట్ లాగ్‌బుక్కులో రాసినా మా పని మొదలవుతుంది.

ఒక వానాకాలపు రాత్రి అలాంటి విమానం కింద దూరాను. ప్రయాణికులందరూ క్షేమంగా ఇళ్లకు వెళ్లిపోయారు. టార్చి వెలుగులో చూస్తే చక్రాల స్తంభం చుట్టూ నూనె చెమ్మ, రెక్క మొదట్లో రేకు మీద గోటికి తగిలేంత సన్నని ముడత. ఆ ముడత చాలు, విమానాన్ని ఆపేశాం.

ఇక ఆర్థిక రంగం. ధరలను అదుపు చేయడానికి కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు పెంచుతుంది. మాంద్యం రాకుండా ధరల పెరుగుదల నెమ్మదిస్తే సాఫ్ట్ ల్యాండింగ్. 1994-95లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) వడ్డీ రేటును 3 నుంచి 6 శాతానికి పెంచినా మాంద్యం రాలేదు. ఉద్యోగాలు ఊడి, వ్యాపారాలు మూతపడితే అది హార్డ్ ల్యాండింగ్.

పోలిక ఇక్కడివరకే. పైలట్‌కు ఎత్తు ఎంతో ఆ క్షణంలోనే తెలుస్తుంది, కుదరదనుకుంటే మళ్లీ పైకి లేచి చుట్టి రావచ్చు. కేంద్ర బ్యాంకు చేతిలో ఉండేవి గడిచిన నెలల లెక్కలు. రేటు పెంచిన ప్రభావం పూర్తిగా కనిపించడానికి ఏడాది పైనే పట్టవచ్చు.

హార్డ్ ల్యాండింగ్ ఎలా ఉంటుందో కూడా అమెరికాయే చూసింది. 1980లో అక్కడ ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, 14 శాతం దాటింది. ఫెడ్ అధ్యక్షుడు పాల్ వోల్కర్ హయాంలో 1981లో కీలక వడ్డీ రేటు 19 శాతం దాకా వెళ్లింది. ధరల పెరుగుదల తగ్గింది, కానీ 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. అప్పు చేసి ఇల్లు కొనేవాళ్లు కరవయ్యారు. పనులు ఆగిన నిర్మాణదారులు, ఇంటి చట్రానికి వాడాల్సిన చెక్క ముక్కల మీద తమ గోడు రాసి నేరుగా ఫెడ్‌కు తపాలాలో పంపారు.