ఆ రెండు మూడు వారాల గురించి రాయి

వారాసిగూడ, హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

స్ట్రెప్టోకాకస్, అంటే గొంతు నొప్పి లాంటి జబ్బులు తెచ్చే స్ట్రెప్ బ్యాక్టీరియా మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి కూర్చుని చదివాను. బాగా కష్టపడ్డావమ్మా, ఆ సంగతి ప్రతి పేరాలో తెలుస్తోంది. ఎవరి కోసం రాశావో మాత్రం తెలియడం లేదు. 1874లో బిల్‌రోత్ అనే సర్జన్ మైక్రోస్కోపులో చూసిన ఈ క్రిముల గొలుసులతో మొదలుపెట్టావు. పిప్పిపళ్లు, న్యుమోనియా, పసికందులకు వచ్చే మెనింజైటిస్ అన్నీ చుట్టేశావు. చివర్లో ఎక్కడో రెండు వాక్యాల్లో గుండెజబ్బు సంగతి చెప్పి ముగించావు. నా మాట విని ఆ రెండు వాక్యాలనే వ్యాసం చెయ్యి.

ఎందుకంటావా? మా వీధి చివర మెడికల్ షాపు దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడితే చాలు. "అన్నా, పోరనికి గొంతు నొస్తున్నది, బువ్వ మింగుతలేడు, ఏదన్న గోలీ ఇయ్యి" అంటుంది ఒక తల్లి. షాపు కుర్రాడు స్ట్రిప్పును కత్తెరతో కోసి మూడు అజిత్రోమైసిన్ యాంటీబయోటిక్ బిళ్లలు చిన్న కవర్లో వేసి ఇస్తాడు. పిల్లవాడి వయసు అడగడు, దగ్గుందా అని అడగడు. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, వాడు బడికి పోతాడు. ఆ తల్లి లెక్కలో జబ్బు అయిపోయింది. మందు వేయకపోయినా స్ట్రెప్ గొంతు నొప్పి చాలామందిలో అలాగే తగ్గిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

రెండు మూడు వారాల తర్వాత మోకాలు వాస్తుంది. అది తగ్గుతుండగానే చీలమండ పట్టుకుంటుంది. ఆటల్లో ఎక్కడో పడి ఉంటాడనుకుంటారు. ఎప్పుడో పోయిన గొంతు నొప్పి ఎవరికి గుర్తుంటుంది? నీ వ్యాసం గుర్తు చేయాల్సింది దాన్నే. గొంతు నొప్పి తెచ్చే రకమైన గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ పైపొరలోని ఎం ప్రొటీన్‌కు మన గుండెలోని కొన్ని ప్రొటీన్లతో పోలిక ఉంటుంది. క్రిమి మీద దాడికి ఒంట్లో తయారైన రక్షణ దళం ఆ పోలిక వల్ల గుండె మీద కూడా పడుతుంది. అదే రుమాటిక్ జ్వరం. కీళ్ల వాపు పోతుంది, గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మిట్రల్ వాల్వుకు తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోవచ్చు. ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండి, ఆడపిల్లల్లో చాలాసార్లు మొదటి కాన్పు సమయంలో తెలుస్తుంది. గర్భంతో ఒంట్లో రక్తం పెరుగుతుంది. ఇరుకైన వాల్వు ఆ భారం మోయలేదు. రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, కడుపుతో ఉంది కదా మామూలే అంటారు ఇంట్లోవాళ్లు. ఆ అమ్మాయి చిన్నప్పటి గొంతు నొప్పి దగ్గరి నుంచి ఆ మెట్ల దాకా పాఠకుణ్ణి నడిపించు. చరిత్ర ఎంత తగ్గించినా ఫరవాలేదు.

అలాగని ప్రతి గొంతు నొప్పికీ యాంటీబయోటిక్ కావాలన్న అర్థం ఎక్కడా రాకూడదు. పిల్లలకు వచ్చే గొంతు నొప్పుల్లో స్ట్రెప్ వల్ల వచ్చేవి 20 నుంచి 30 శాతమే, మిగతావి ఎక్కువగా వైరస్‌లవి. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురు పోతే వైరస్ అయ్యే అవకాశమే ఎక్కువ. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో దగ్గు లేకుండా ఉన్నట్టుండి జ్వరం, మింగితే నొప్పి, దవడ కింద నొక్కితే నొప్పి పుట్టే బిళ్లలు, టాన్సిల్స్ మీద తెల్లటి చీము కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. చూసినంత మాత్రాన డాక్టరుకైనా ఖాయంగా తెలియదనీ, దూది పుల్లతో గొంతులోంచి స్వాబ్ తీసి పరీక్షించాల్సి రావచ్చనీ రాయి. ఏఎస్‌ఓ రక్తపరీక్ష గురించి కూడా ఒక మాట. అది ఈమధ్య స్ట్రెప్ సోకిందని చెబుతుందే గానీ ఇవాళ్టి గొంతు నొప్పి దానివల్లేనని చెప్పదు. ఆ అంకె చూసి తల్లిదండ్రులు అనవసరంగా టెన్షన్ పడుతుంటారు.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది పెన్సిలిన్. వాడకం మొదలై 80 ఏళ్లు దాటినా గ్రూప్ ఏ స్ట్రెప్ దానికి లొంగుతూనే ఉంది. అజిత్రోమైసిన్ లాంటి మందులకు లొంగనివి మాత్రం పుట్టుకొచ్చాయి. పెన్సిలినో అమాక్సిసిలినో 10 రోజులు పూర్తిగా వాడితే, అదీ జబ్బు మొదలైన 9 రోజుల లోపు మొదలుపెడితే, రుమాటిక్ జ్వరాన్ని చాలావరకు ఆపవచ్చు. జ్వరం తగ్గగానే సీసా పక్కన పెట్టేసే ఇళ్లే ఎక్కువ కాబట్టి ఈ 10 రోజుల మాట గట్టిగా చెప్పు. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చాక మూడు నాలుగు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయించుకోవాలి. ఆ సూది బాగా నొప్పి పుడుతుంది. పిల్లాడి ఏడుపు చూడలేక, కూలి పోగొట్టుకోలేక మానేసే తల్లిదండ్రుల్ని తప్పుపడుతూ మాత్రం రాయొద్దు.

"మాంసం తినే బ్యాక్టీరియా" అన్న శీర్షిక తీసెయ్యి. అలాంటి ఇన్‌ఫెక్షన్ ఉన్నమాట నిజమే, కానీ చాలా అరుదు. చిన్న గాయం దగ్గర కనిపించేదాని కంటే ఎన్నో రెట్లు నొప్పి, గంటల్లో పాకే ఎరుపు ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలని ఒక వాక్యం చాలు. ఆ భయం శీర్షికలోకి ఎక్కితే పక్కింటి పిల్లాడి మోకాలి వాపు ఎవరికీ కనిపించదు.

నీ వ్యాసంలో ఇళ్ల ప్రస్తావనే లేదు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే చోట ఒకరి దగ్గూ తుమ్మూ అందరికీ చేరుతుంది. యూరప్‌లో, అమెరికాలో ఇళ్లూ బతుకులూ మెరుగుపడ్డాక పెన్సిలిన్ రాకముందే రుమాటిక్ జ్వరం తగ్గడం మొదలైంది. మన బస్తీల గురించి రాసేటప్పుడు దీన్ని వదిలేస్తే సగం కారణం వదిలేసినట్టే. ఒక ఉదయం నీలోఫర్ పిల్లల ఆసుపత్రి ఓపీ వరండాలో కూర్చుని తల్లులు జబ్బు గురించి ఎలా చెప్పుకుంటారో విను, ఆ తర్వాత రాయి.

చర్మం మీది స్ట్రెప్ పుండ్ల తర్వాత మూడు నుంచి ఆరు వారాలకు మొహం ఉబ్బి, మూత్రం టీ రంగులో వచ్చే కిడ్నీ జబ్బును ఇందులో ఇరికించకు. దాన్ని యాంటీబయోటిక్‌తో కచ్చితంగా ఆపగలమని చెప్పలేం, కాబట్టి వేరే వ్యాసం కావాలి. ముందు ఇది తిరగరాసి, మందుల పేరా ఒక పిల్లల డాక్టరుకు చూపించి, ఆపైన నాకు పంపు.

ఆశీస్సులతో.