కిరునా ఉద్యోగం, లూలియో ఇల్లు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి రవికి మీ మామయ్య ఆశీస్సులు.

స్వీడన్ ఉత్తరాన ఉన్న కిరునా గనిలో ఉద్యోగం వచ్చిందనీ, ఇల్లు మాత్రం లూలియోలో తీసుకుని వారానికోసారి వెళ్లి వస్తే సరిపోతుందనుకుంటున్నాననీ రాశావు. ఆ ఆలోచన మానుకో. రెండూ నోర్‌బొట్టెన్ అనే ఒకే కౌంటీలో (పాలనా విభాగంలో) ఉన్నా, వాటి మధ్య రోడ్డు దారి సుమారు 340 కిలోమీటర్లు. స్వీడన్‌లో దాదాపు నాలుగో వంతు ఉండే ఆ కౌంటీ విస్తీర్ణం మన తెలంగాణకు కాస్త తక్కువ, జనాభా మాత్రం రెండున్నర లక్షలు. దారిలో మంచు కురిసి కారు ఆగిపోతే పలకరించే మనిషి కనబడడానికి ఎంతసేపు పడుతుందో దీన్ని బట్టి ఊహించుకో. పైగా కిరునాలో డిసెంబరులో సుమారు మూడు వారాల పాటు సూర్యుడు ఉదయించడు.

లూలియో సముద్రతీరాన ఉన్న కౌంటీ రాజధాని. ఉక్కు కర్మాగారం, సాంకేతిక విశ్వవిద్యాలయం అక్కడివే. కిరునా లోపలి ఎత్తు ప్రాంతంలో, ఇనుప ఖనిజం మీద బతికే ఊరు. అక్కడి గని ప్రభుత్వ సంస్థ ఎల్‌కేఏబీది. ఖనిజం రైలులో ఒకవైపు లూలియోకు, మరోవైపు నార్వేలోని నార్విక్ రేవుకు వెళుతుంది. లూలియో వైపున్న బాత్నియా అఖాతం చలికాలంలో గడ్డకడుతుంది గానీ నార్విక్ గడ్డకట్టదు గనుక 1903 నుంచి ఆ దారి ముఖ్యమైంది. 2023 డిసెంబరులో ఆ నార్విక్ దారిలో రైలు పట్టాలు తప్పి రాకపోకలు దాదాపు రెండు నెలలు నిలిచిపోయాయి. ఆ దారి మీద ఎక్కువగా ఆధారపడిన ఊరి ఆదాయం ఎంత సున్నితమో అది చూపించింది కనుక, ఒప్పందంలో జీతంతోపాటు ఉద్యోగ భద్రత షరతులు కూడా శ్రద్ధగా చదువు.

తవ్వకాల వల్ల నేల కుంగుతున్నందున కిరునా ఊరినే తూర్పుకు జరుపుతున్నారు. 2025 ఆగస్టులో చెక్క చర్చిని మొత్తంగా చక్రాల మీద ఐదు కిలోమీటర్లు తరలించారు. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు అది ఖాళీ చేయించే ప్రాంతంలో ఉందేమో ముందుగా కనుక్కో.

ఇక కార్యాలయాల సంగతి. మన కలెక్టరేటు లాగా అన్నీ ఒకచోట జరుగుతాయనుకోకు. ప్రభుత్వం నియమించే గవర్నరు నడిపే లెన్స్‌స్టిరెల్సె అనే కౌంటీ పాలనా కార్యాలయం రెయిన్‌డీర్ పెంపకం, పర్యావరణం వంటివి చూస్తుంది. నీతో దానికి పెద్దగా పని ఉండదు. వైద్యం రీజియన్ అనే, ఎన్నికైన కౌంటీ స్థాయి సంస్థది. బడులు, నీరు, వీధుల్లో మంచు తీయడం కొమ్మూన్ అనే స్థానిక పురపాలక సంస్థ పని. కౌంటీలో అలాంటివి 14. నీ ఆదాయపు పన్నులో చాలా భాగం రీజియన్‌కు, కొమ్మూన్‌కే వెళుతుంది. వరుసగా మూడేళ్లు అక్కడ నివాసిగా నమోదై ఉంటే, ఆ రెండు ఎన్నికల్లో నువ్వు కూడా ఓటు వేయవచ్చు. అన్నిటికంటే ముందు పన్నుల శాఖలో నివాసం నమోదు చేయించుకుని వ్యక్తిగత సంఖ్య తెచ్చుకో. అది లేకుండా బ్యాంకు ఖాతా కూడా కష్టం. మన డ్రైవింగ్ లైసెన్సు ఆ నమోదు నాటి నుంచి ఏడాదే చెల్లుతుంది గనుక స్వీడన్ లైసెన్సు పరీక్షకు ఆలస్యం చేయకు.

కిరునాలో ఇల్లు దొరికాక చిరునామా రాయి. ఊరగాయ పంపమని మీ అత్తయ్య అప్పుడే తొందరపెడుతోంది.

మీ మామయ్య