అబ్బాయిల క్వయర్‌తో కేథడ్రల్స్‌కి బయల్దేరుతున్న మా మేనల్లుడికి

చిన్నా,

మన క్వయర్ అబ్బాయిల్ని నువ్వు ఇంగ్లండ్ తీసుకెళ్తున్నావట, ఆగస్టులో అక్కడి కేథడ్రల్స్‌లో, అంటే పెద్ద చర్చిల్లో, ఈవెన్‌సాంగ్ (పాటలతో జరిగే సాయంత్రం ప్రార్థన) పాడతారట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. అక్కడి క్వయర్లు సెలవుల్లో ఉన్నప్పుడు బయటివాళ్లకి అవకాశం ఇస్తారు కానీ, రికార్డింగులు విన్నాకే ఇస్తారు. అంటే మన పిల్లల పాట వాళ్లకి నచ్చింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. అంతమంది పిల్లలు, అందులో సగంమంది అమ్మ పక్కన లేకుండా ఎప్పుడూ పడుకోనివాళ్లు, నువ్వేమో మీ నాన్నలాగే "చూసుకుందాంలే అత్తా" రకం. అందుకే రాస్తున్నా. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

టికెట్లు, ఇన్సూరెన్స్, మందులు నీకు చెప్పక్కర్లేదు. పాటల కాపీలు, గౌన్లు మాత్రం చెక్-ఇన్ పెట్టెల్లో వేయొద్దు, చేతి బ్యాగుల్లోనే ఉండాలి. వీసాల్లో ఒక మెలిక ఉంది. పెద్దవాళ్లతో వెళ్లే పిల్లాడి వీసాలో ఆ పెద్దవాళ్లెవరో నమోదై ఉంటుంది. ఎవరికో జ్వరమొచ్చిందని ఆఖరి నిమిషంలో మనుషుల్ని మార్చేస్తే దిగిన చోట ఆపి అడుగుతారు. కాబట్టి తల్లిదండ్రుల అంగీకార పత్రాలు ఫోన్ నంబర్లతో సహా నీ దగ్గర ఒక సెట్టు, ఇంకొకరి దగ్గర ఒక సెట్టు ఉండాలి. ఇంకోటి, ఒక గదిలో ఒక పెద్దమనిషి, ఒక పిల్లాడు, ఇద్దరే ఉండే పరిస్థితి ఎప్పుడూ రాకూడదు. ఆ పెద్దమనిషి పాస్టరుగారైనా సరే, నువ్వైనా సరే. దీని మీద నాతో వాదించకు.

రైళ్లలో వెళ్తారేమో, అక్కడ బయల్దేరే టైమ్ కంటే కాస్త ముందే తలుపులు మూసేస్తారు, పరిగెత్తి ఎక్కడం లాంటివి కుదరవు. ప్లాట్‌ఫామ్ మీద ఒకసారి, ఎక్కాక ఒకసారి లెక్కపెట్టు.

ఇక టవర్లు. నవ్వకు. యార్క్ మిన్‌స్టర్ టవర్‌కి 275 మెట్లు, సాల్స్‌బరీ టవర్‌కి 332. ఇరుకు మెట్లు, మెలికలు తిరుగుతూ పోతాయి. పాడాల్సిన రోజు అవి ఎక్కితే సాయంత్రానికి ఊపిరి మిగలదు, అందుకని వద్దంటున్నా. సరే, అసలు కారణం అది కాదు, ఎత్తంటే నాకు భయం, పిల్లలు పైనుంచి తొంగి చూస్తారని తలుచుకుంటేనే కాళ్లు వణుకుతాయి. పాడని రోజు ఎక్కించుకో, ఫోటో మాత్రం నాకు పంపకు.

అసలు ఈ ఉత్తరం దేనికి మొదలుపెట్టానో అది చెప్తా. పెళ్లి కాకముందు నేను కూడా ఇలాంటి టూర్‌కి పిల్లల్ని చూసుకోవడానికి వెళ్లాను, నీకు తెలుసు. అప్పటి డైరెక్టర్ పేరు ఎందుకులే, సంగీతం బాగా తెలిసిన మనిషి. తాళం కొట్టే యంత్రం, మెట్రోనోమ్, పెట్టుకుని ప్రతి పాటకీ వేగం ఖాయం చేశాడు. ఎక్కడ? పైకప్పు తక్కువగా ఉండి, కింద తివాచీలు పరిచిన ప్రాక్టీస్ హాల్లో. అందులో చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతుంది. పెద్ద కేథడ్రల్‌లో అలా ఉండదు కదా. లండన్ సెయింట్ పాల్స్ లాంటి చోట గొంతు ఆపాక కూడా ఆ శబ్దం పూర్తిగా అణగడానికి ఎనిమిది తొమ్మిది సెకన్లు పడుతుంది. ముందు కార్డ్ (కలిపి పాడిన స్వరాలు) ఇంకా గాలిలో ఉండగానే తర్వాతిది వచ్చి దాని మీద పడుతుంది. ఆయనకి ఇది తెలియక కాదు. "మనం ప్రాక్టీస్ చేసినట్టే పాడదాం, పిల్లలు కంగారు పడతారు" అన్నాడు.

మొదటి సాయంత్రం ఎలా వినిపిస్తుందో చూడమని నన్ను వెనకాల కూర్చోబెట్టారు. మరియ గీతం మొదలైంది. నీళ్లు పడిన ఇంకులా మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అది చాలదన్నట్టు ఆర్గన్ గొడవ ఒకటి. ఆర్గన్ వాయించేవాడు ఎక్కడో పైన కూర్చుంటాడు, డైరెక్టర్ చెయ్యి ఆయనకి అద్దంలోనో కెమెరాలోనో కనబడుతుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది, కాబట్టి పైపులు ముప్పై నలభై మీటర్ల దూరంలో ఉంటే సెకనులో పదో వంతు ఆలస్యంగా వినపడుతుంది. పిల్లలు ఆర్గన్ విని దాంతోపాటు పాడతారు, వాళ్ల పాట ఇంకా ఆలస్యంగా ఆయనకి చేరుతుంది, ఆయన వాళ్లకోసం ఆగుతాడు, డైరెక్టర్ చెయ్యి మాత్రం ఆగదు. సగం గీతం అయ్యేసరికి ముగ్గురూ మూడు చోట్ల ఉన్నారు.

ఇదంతా జరిగిందని నేను తప్పుపట్టను, పాటన్నాక తప్పులు ఉంటాయి. డైరెక్టర్ ఆ తర్వాత చేసిందే నేను మర్చిపోలేదు. ప్రార్థన అయ్యాక గౌన్లు విప్పే గదిలో, అందరి ముందూ, అందరికంటే చిన్నవాళ్లిద్దర్ని నిలబెట్టి "మీరే పాటని వెనక్కి లాగారు" అన్నాడు. వాళ్లు లాగలేదు చిన్నా. ఆర్గన్ వింటూ పాడమని నేర్పారు, విన్నారు, పాడారు. మర్నాడు నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆ ఇద్దరి పెదాలు కదులుతున్నాయి, గొంతులోంచి ఏమీ రావట్లేదు. టూర్ అయిపోయేదాకా అంతే. ఆయనకి తెలియనే లేదు, పైగా "ఇప్పుడు బాగా కలిసింది" అని సంతోషపడ్డాడు. నువ్వు చిన్నప్పుడు ఎవరైనా గట్టిగా అంటే పియానో వెనక్కి వెళ్లి కూర్చునేవాడివి, గుర్తుందా? నీ క్వయర్‌లోనూ అలాంటివాళ్లు ఉంటారు. పియానో వెనక్కి వెళ్లినవాడు కనబడతాడు, వరసలోనే నిలబడి పాడటం మానేసినవాడు కనబడడు.

అక్కడికి వెళ్లాక మొదటి రిహార్సల్లో ఒక్క పాట కూడా మొదలుపెట్టకముందు అందర్నీ ఒక కార్డ్ గట్టిగా పాడించి టక్కున ఆపించు. శబ్దం పూర్తిగా పోయేదాకా మనసులో లెక్కపెట్టమను. ఎంత నిదానంగా పాడాలో వాళ్లే చెప్తారు. ఆర్గన్ వాయించే ఆయనకి నీ చెయ్యి చూసి వాయించమని చెప్పు, పాట వింటూ కాదు. కీర్తనల్లో వచనం మధ్య ఆగే చోట నిజంగా ఆగు. మాట చివర 'స్' వస్తే ఇద్దరు పలికితే చాలు, అందరూ పలికితే గుడంతా బుసకొట్టినట్టు ఉంటుంది. కట్టడాన్ని బట్టి పాట రాసినవాళ్లే ఉన్నారు, ఇంగ్లిష్ స్వరకర్త హెర్బర్ట్ హోవెల్స్ 1951లో సెయింట్ పాల్స్ కోసం రాసిన సర్వీస్ (ఈవెన్‌సాంగ్ గీతాలు) చూడు, ఆ గుమ్మటం కింద ప్రతిధ్వనికి చోటిస్తూ కార్డులు ఎంత తీరుబడిగా మారతాయో తెలుస్తుంది. అక్కడి వెర్జర్లని, అంటే ప్రార్థనకి ఏర్పాట్లు చూసేవాళ్లని కూడా అడుగు. రోజూ వినేది వాళ్లే, వేగం ఎక్కువైందో లేదో మొహమాటం లేకుండా చెప్తారు.

ఇంకో సంగతి, మనవాళ్లు జనానికి ఎదురుగా ఒకే గుంపుగా నిలబడటం అలవాటు. అక్కడ డెకనై, కాంటోరిస్ అని రెండు వైపులా ఒకరికొకరు ఎదురుగా నిలబడి, కీర్తనలు వంతులవారీగా పాడాలి. ఇప్పటినుంచే హాల్లో కుర్చీలు అలా వేయించు.

గొంతు మారుతున్న పెద్దబ్బాయి సంగతి మీ నాన్న చెప్పాడు. పన్నెండు పదమూడేళ్ల పిల్లలకి అది ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. వాడి సోలో ఇంకొకడికి కూడా నేర్పించి ఉంచు, వాడికి ముందే చెప్పి మరీ నేర్పించు, చాటుగా వద్దు. అంతేకానీ వాడిని ఇంటి దగ్గర వదిలేసి వెళ్లకు. చిన్నప్పుడు వియన్నా సెయింట్ స్టీఫెన్స్ కేథడ్రల్‌లో పాడిన స్వరకర్త హేడన్ అంతటివాణ్ణి కూడా గొంతు మారాక బయటికి పంపేశారు, ఆ బాధ మన పిల్లాడికి ఎందుకు? కాపీలు పంచడం, చిన్నవాళ్లని వరసలో పెట్టడం, కింది స్వరం వస్తే అది పాడటం, వాడికి పని లేకపోవడమేమిటి.

ప్రార్థన అయ్యాక చప్పట్లు ఉండవని పిల్లలకి ముందే చెప్పు. మామూలు రోజుల్లో వినేవాళ్లు కూడా తక్కువే ఉండొచ్చు. ఏడాది కష్టపడి వెళ్తే ఎవరూ ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయారని వాళ్లు మొహాలు వేలాడేసుకుంటారు. నువ్వు మాత్రం ప్రతి సాయంత్రం ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లి ఏదో ఒక మంచి మాట చెప్పు. అలసిపోయి ఉంటావు, తెలుసు. అయినా చెప్పు.

ఆఖరిది. ఇంగ్లండ్ చర్చి పాత ప్రార్థనా పుస్తకంలో 150 కీర్తనల్నీ నెలలోని 30 రోజులకి పొద్దున, సాయంత్రం అని పంచారు. 15వ తేదీ సాయంత్రం వంతుకి వచ్చేది 78వ కీర్తన, డెబ్బైకి పైగా వచనాలు! అన్ని కేథడ్రల్స్ ఇప్పుడు ఆ పద్ధతి పాటించవు, కొన్ని కొంత భాగమే పాడిస్తాయి. మీరు 15న ఎక్కడుంటారో చూసుకుని, ఆ రోజు ఏ కీర్తనో, ఎన్ని వచనాలో అక్కడ ప్రార్థనల్లో సంగీతం చూసుకునే ప్రీసెంటర్‌కి ఈ వారమే మెయిల్ పెట్టి అడుగు. జవాబు రాగానే నాకు పంపు, ఏ మాట దగ్గర స్వరం మారాలో చూపే చాంట్ గుర్తులన్నీ మన కాపీల్లో నేను పెట్టి ఇస్తా. ప్రతి పిల్లాడి జేబులో ఒక పెన్సిల్ ఉండాలి. పెన్ను కాదు, పెన్సిల్.

మీ అత్త