లూసిటానియా మునిగాక రెండేళ్లు ఎందుకు ఆగారు?

ప్రశ్న: లూసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను జర్మనీ ముంచినందుకే అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిందని చదువుకున్నాం. ఓడ మునిగింది 1915లో, యుద్ధం ప్రకటించింది 1917లో. మధ్యలో రెండేళ్లు ఏం చేసినట్టు?

జవాబు: మంచి చోట పట్టుకున్నారు. చరిత్ర పాఠాలు చెప్పే రోజుల్లో నేను కూడా ఆ రెండు తేదీలనూ ఒకే ఊపిరిలో చెప్పేసి ముందుకు పోయేవాణ్ణి. ఒక విద్యార్థిని ఇదే ప్రశ్న అడిగాక మళ్లీ చదువుకోవలసి వచ్చింది.

ఆ ఓడతో పాటు 128 మంది అమెరికన్లు పోయారు. అధ్యక్షుడు విల్సన్ ఘాటుగా లేఖలు రాశాడు, జర్మనీ కొంతకాలానికి వెనక్కి తగ్గింది. యుద్ధం జోలికి పోకుండా కాపాడాడన్న ప్రచారంతోనే 1916లో ఆయన మళ్లీ గెలిచాడు. బ్రిటన్, ఫ్రాన్స్‌లకు ఇచ్చిన అప్పులు మునుగుతాయనే అమెరికా దిగిందని కొందరంటారు. నాకది సగం జవాబే. ఆ అప్పులు 1916లోనూ ఉన్నాయి కదా!

అసలు నిర్ణయం ముందు బెర్లిన్‌లో జరిగింది. బ్రిటన్ చుట్టూ కనిపించిన ప్రతి ఓడనూ హెచ్చరిక లేకుండా ముంచితే ఐదు నెలల్లో ఆ దేశం లొంగుతుందని, అమెరికా సైన్యం వచ్చేలోగా పని ముగుస్తుందని నౌకాదళాధిపతి హోల్ట్‌జెండార్ఫ్ లెక్క కట్టాడు. 1917 ఫిబ్రవరి 1న జలాంతర్గాములు ఆ పని మొదలుపెట్టాయి.

దానికి తోడు ఒక టెలిగ్రామ్. అమెరికా యుద్ధానికి దిగితే మాతో చేరండి, టెక్సాస్, న్యూ మెక్సికో, అరిజోనా తిరిగి మీవవుతాయని జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ మెక్సికోకు ఆశ చూపాడు. శాంతి మంతనాల కోసమని అమెరికా వాడుకోనిచ్చిన దౌత్య తంతి మార్గంలోనే అది వెళ్లింది! అంతా అంకెల సంకేతం. సంకేత పుస్తకంలో అరిజోనా పేరు లేక, ‘ఏఆర్’, ‘ఐజెడ్’, ‘ఓఎన్’, ‘ఏ’ అని ముక్కలు చేశారు. బ్రిటన్ వారు దాన్ని దారిలో పట్టుకుని విప్పిన కాగితం మీద ఆ నాలుగు ముక్కలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మార్చి 1న పత్రికల్లో వచ్చినప్పుడు అదంతా కల్పితమని చాలామంది కొట్టిపారేశారు. రెండు రోజులకు జిమ్మర్‌మన్ తానే ఒప్పుకున్నాడు. కాదంటే సరిపోయేదానికి ఎందుకు ఒప్పుకున్నాడో నాకిప్పటికీ అంతుబట్టదు.

అదే నెలలో అమెరికా ఓడలు వరసగా మునిగాయి. ఏప్రిల్ 6న ప్రతినిధుల సభ 373–50 ఓట్లతో యుద్ధానికి సరేనంది. జూన్ 26న అమెరికా పటాలాలు ఫ్రాన్స్‌లోని సెయింట్ నజేర్ రేవులో దిగడం మొదలుపెట్టాయి. హోల్ట్‌జెండార్ఫ్ చెప్పిన ఐదు నెలలు నిండడానికి ఇంకా నాలుగు రోజులుంది.