కప్పులు ఇద్దరికి, చప్పట్లు ఎవరికి?

ప్రశ్న: మేడమ్, నేను పిల్లలకు చెస్ నేర్పుతున్నాను. మొన్న శని, ఆదివారాల్లో జరిగిన ఆరు రౌండ్ల టోర్నమెంట్‌లో మా వాళ్ళిద్దరికి కప్పులు వచ్చాయి. పట్టలేని సంతోషంతో వాళ్ళ ఫోటోలు పేరెంట్స్ గ్రూపులో పెట్టాను, క్లాసులో అందరి చేతా చప్పట్లు కొట్టించాను. రెండు పాయింట్లతో (గెలుపుకు ఒకటి, డ్రాకు అర) ఆగిపోయిన ఒక అబ్బాయి ఆ తర్వాత క్లాసుకు రావడం లేదు. సంబరం చేసుకోవడం తప్పంటారా?
– ఒక యువ కోచ్

జవాబు: తప్పెందుకవుతుంది? రిజల్ట్ షీట్ అతికించేదాకా కాలుగాలిన పిల్లిలా హాలు బయట తిరిగేది మనమే కదా! కాకపోతే మీ సంబరంలో ఆ ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టడానికి మాత్రం పనికొచ్చారు.

నేనైతే కప్పుల కంటే ముందు, పిల్లలు తమ ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్లు బయటికి తీయిస్తాను. టోర్నమెంట్ తర్వాతి క్లాసులో ప్రతి ఒక్కరూ తమ ఆటల్లోంచి ఒక్క పొజిషన్ (బోర్డు మీద పావులున్న తీరు) ఎంచుకుని, అందరికీ కనిపించే డెమో బోర్డు మీద పెట్టాలి. ‘ఇక్కడ నేను బాగా ఆడాను’ అని తమకు అనిపించినదేదైనా. ఓడిన ఆటలోదైనా సరే. కప్పు తెచ్చినవాళ్ళకూ ఇదే రూలు.

ఈసారి మా క్లాసులో అందరూ నోరు తెరుచుకుని చూసింది కప్పు తెచ్చినవాడి పొజిషన్ కాదు, రెండున్నర పాయింట్లు తెచ్చుకున్న ఒక అమ్మాయిది. తనవి నల్లపావులు. మిగిలింది రాజు ఒక్కడే. అవతలివాడికి తెల్లగళ్ళలోనే ఐమూలగా నడిచే బిషప్, అంచునున్న హెచ్ నిలువు వరుసలో ఒక బంటు. చూసినవాళ్ళెవరైనా ‘ఇంకేముంది, రిజైన్ చెయ్’ అనేస్తారు. ఈ పిల్ల మాత్రం రాజును తీసుకెళ్ళి హెచ్8 మూలలో కూర్చోబెట్టింది. ఆ బంటు మంత్రి కావాలంటే చేరాల్సిన గడి అదే. అది నల్లగడి, ఆ బిషప్ జన్మలో దాని మీదికి రాలేదు. రాజు జీ8కి, మళ్ళీ హెచ్8కి, అంతే పని. అవతలివాడు బంటును తోసుకుంటూ పోతే రాజుకు చెక్ ఉండదు, కదలడానికి గడీ ఉండదు, అదే స్టేల్‌మేట్. డ్రా!

“ఇది డ్రా అని నీకెప్పుడు తెలిసింది?” అని అడిగాను. “గుర్రం ఉన్నప్పుడే మేడమ్. దాన్ని ఇచ్చేసి వాడి రెండో బంటును తినేశాను” అంది. అదృష్టం కాదు, కావాలనే ఇచ్చింది! చప్పట్లు కొట్టమని నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ తేలింది కూడా ఇలాంటి లెక్క దగ్గరే. 14వ గేములో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ తన ఏనుగును, అంటే రూక్‌ను ఎఫ్2కి జరపగానే మన గుకేశ్ రూక్‌లు, బిషప్‌లు రెండువైపులా వరసగా పోయేలా మార్పించి, చేతిలో ఉన్న ఒక్క బంటు ఆధిక్యంతో గెలిచాడు. ఏ పావులు పోతే బోర్డు మీద ఏం మిగులుతుందో ముందే చూడగలగాలి. ఆ చూపు రెండున్నర పాయింట్ల పిల్లలోనూ ఉండొచ్చు. కప్పు దాన్ని చూపించదు, స్కోర్‌షీట్ చూపిస్తుంది.

క్లాసుకు రాని ఆ అబ్బాయికి ఫోన్ చేసి, ‘నీ స్కోర్‌షీట్లు పట్టుకురా, ఒక ఆట చూడాలి’ అనండి. బుజ్జగింపులు వద్దు, పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు. మీరు నిజంగానే ఆ ఆటలు కూర్చుని చూడాలి మరి. ఆరింటిలో చూపించదగ్గ పొజిషన్ ఒక్కటైనా దొరక్కపోదు.

ఇంకో మాట. ఏ సంబరమైనా ఆఖరి రౌండ్ అయ్యాకే. మధ్యలో గెలిచొచ్చినవాణ్ణి ఆకాశానికెత్తితే, తర్వాతి రౌండ్లో టకటకా ఎత్తులు వేసేసి పది నిమిషాల్లో ఓడిపోయి వస్తాడు. పైగా ఓడినా బయటికి పంపకుండా అన్ని రౌండ్లూ ఆడించే స్విస్ పద్ధతిలో వీలైనంతవరకు సమాన పాయింట్లున్నవాళ్ళకే జత వేస్తారు. బాగా ఆడుతున్న మీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాల్సి రావచ్చు. అప్పుడు మీ మొహం ఎవరూ చూడకుండా ఉంటే మంచిది!

ప్రశ్న: మా పాప మొదటి రౌండ్ ఓడినా నాలుగున్నర పాయింట్లు తెచ్చుకుంది. అదే నాలుగున్నరకు ఇంకో అమ్మాయికి కప్పు ఇచ్చారు, మా పాపకు ఇవ్వలేదు. ఇదేం న్యాయం?
– ఒక తల్లి

జవాబు: టై‌బ్రేక్ న్యాయమండీ. పాయింట్లు సమానమైతే చాలా టోర్నమెంట్లలో బుకోల్జ్ చూస్తారు. అంటే మీ పాపతో ఆడినవాళ్ళందరూ టోర్నమెంట్ మొత్తంలో తెచ్చుకున్న పాయింట్ల కూడిక. మొదటి రౌండ్లోనే ఓడితే తర్వాత కింది బోర్డుల్లో ఆడుతూ పైకి రావాలి, ప్రత్యర్థుల పాయింట్లు తక్కువగా ఉంటాయి. మొదట్లో గెలిచి, చివర్లో ఓడినవాళ్ళు గట్టివాళ్ళతో ఆడి ఉంటారు. ఒకరి కూడిక 21 అయి, మరొకరిది 17 అయితే కప్పు 21కే. ఏ టై‌బ్రేక్ వాడతారో ప్రకటనలో ముందే ఉంటుంది, ఈసారి ఫీజు కట్టేముందు చదవండి. పాప మీద మాత్రం విసుక్కోకండి, ఓటమితో మొదలై నాలుగున్నరకు రావడం చిన్న విషయం కాదు.

ప్రశ్న: మా వాడు ఆరింటిలో రెండే పాయింట్లు తెచ్చాడు, అయినా రేటింగ్ (ఆటగాడి స్థాయిని చూపే అంకె) పెరుగుతుందంటున్నాడు. నన్ను మభ్యపెడుతున్నాడా?
– ఒక తండ్రి

జవాబు: లేదండీ, నిజమే అయ్యుండొచ్చు. తనకంటే రేటింగ్‌లో 200 పాయింట్లు పైనున్నవాళ్ళతో ఆడితే ఒక్కో ఆటకు ఆశించే స్కోరు 0.24. లెక్క కోసం ఆరుగురూ అలాంటివాళ్ళే అనుకోండి, మొత్తం 1.44. రెండు తెచ్చాడంటే 0.56 అదనం. ఎక్కువ టైమిచ్చే స్టాండర్డ్ ఆటల్లో 18 ఏళ్ళలోపు, 2300 రేటింగ్ దాటని పిల్లలకు దాన్ని 40తో గుణిస్తారు, అంటే 22 పైచిలుకు పెరుగుదల. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే కొత్త రేటింగ్ జాబితా ప్రతి నెలా ఒకటో తారీఖున వస్తుంది. అందాకా వాణ్ణి టెన్షన్ పెట్టకండి, మీరూ పడకండి.